కలిసి రాసినదానికి యజమాని ఎవరు?

తరగతిలో బ్లాగులు, వికీలు, పదిమంది ఒకేసారి రాయగల ఉమ్మడి పత్రాలు వుపయోగించటం గురించి మన ఉపాధ్యాయులలో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. మొదటిదాని ప్రకారం ఇవి చదువును ప్రజాస్వామికం చేస్తాయి. ఉపాధ్యాయుడు చెప్పటం, విద్యార్థి వినటం అనే పాత సంబంధం పోయి, అందరూ రాసేవాళ్లూ అందరూ చదివేవాళ్లూ అవుతారు. రెండవదాని ప్రకారం ఇవన్నీ పెద్ద కంపెనీల సరుకులు. పిల్లల రాతలనూ అలవాట్లనూ పోగుచేసి లాభం తీసే యంత్రాలు. అభ్యుదయవాది అయినవాడు వీటిని తరగతి గడప తొక్కనివ్వకూడదు.

రెండు అభిప్రాయాలలోనూ కొంత నిజం వుంది. అయితే రెండింటిలోనూ ఒకే లోపం కూడా వుంది. రెండూ పనిముట్టును గురించే మాట్లాడుతున్నాయి. ఆ పనిముట్టుతో పనిచేసే మనుషుల మధ్య సంబంధం ఏమిటని రెండూ అడగటం లేదు. మగ్గం నేతగానిదైతే ఒక సంబంధం, షావుకారుదైతే మరొక సంబంధం. మగ్గం మాత్రం అదే. మగ్గాన్ని పొగిడినా, తిట్టినా నేతగాని బతుకు మనకు అర్థం కాదు.

ఈ సంగతి నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. నేనొక అన్యాయం చేసిన తరవాత తెలిసింది. ఆ అన్యాయం చిన్నదే. కాని అటువంటివి మనం రోజూ చేస్తూ, చేస్తున్నామని కూడా గుర్తించకుండా వుంటాం గనక, దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

నేను నిజామాబాదు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా వూరి మగవాళ్లు చాలామంది గల్ఫు దేశాలలో వుంటారు. ఆడవాళ్లు బీడీలు చుడతారు. 2023లో తొమ్మిదో తరగతి పిల్లలను ఐదుగురేసి జట్లు చేసి, వూళ్లో జరిగే పనులను గురించి వ్యాసాలు రాయమన్నాను. ఒక జట్టు బీడీల పని తీసుకున్నది. ప్రతి జట్టుకూ ఒక ఉమ్మడి పత్రం తెరిచి ఇచ్చాను. ఎవరి ఫోనులోనుంచి వాళ్లు అందులో రాయవచ్చు. ఒకరు రాసింది మరొకరు దిద్దవచ్చు. పూర్తి అయిన వ్యాసాలను మా తరగతి బ్లాగులో పెడదామనుకున్నాం.

బీడీల వ్యాసం నేను అనుకున్నదానికంటే బాగా వచ్చింది. తునికాకును ఎందుకు నానబెడతారో, ఆకు మెత్తబడకముందు కత్తిరిస్తే ఏమవుతుందో, వెయ్యి బీడీలకింత అని కూలి ఎలా కడతారో అందులో వుంది. బాగాలేవని తీసి పక్కన పడేసిన బీడీలకు కూలి రాదు, అవి తిరిగి ఇంటికీ రావు అన్న సంగతి వుంది. అన్నిటికన్నా మంచి భాగం మరొకటి. కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఒక్క పేరే వుంటుంది. ఆకు కత్తిరించేది నానమ్మ, చుట్టేది అమ్మ, కొసలు మడిచి కట్టలు కట్టేది బడినుంచి వచ్చిన బిడ్డ. ముగ్గురి పనికి ఒక్క పేరు. ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది. ఆ చట్టం కంటికి ఆనని ఇద్దరిని తొమ్మిదో తరగతి పిల్లలు చూశారు.

ఇక మార్కులు వెయ్యాలి. ఉమ్మడి పత్రం ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరు ఏ రోజు, ఏ గంటకు, ఏ మాట చేర్చారో, ఏ మాట కొట్టేశారో రంగులు వేసి చూపిస్తుంది. ఇంతకన్నా నిష్పక్షపాతమైన సాక్షి వుండదనుకున్నాను. తెరిచి చూశాను. ఒక కుర్రవాడు సగానికి పైగా రాశాడు. ఇద్దరు కొంత కొంత చేర్చారు. ఒకమ్మాయి భాష దిద్దింది. అయిదో అమ్మాయి పేరు ఎక్కడా లేదు. ప్రాజెక్టు పనికి వున్నవి 5 మార్కులు. కుర్రవాడికి 5, ఆ ఇద్దరికీ భాష దిద్దిన అమ్మాయికీ మూడేసి, పేరు కనపడని అమ్మాయికి 1 వేశాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు.

రెండు రోజుల తరవాత ఆ కుర్రవాడే నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఆ ముచ్చటంత ఆమెనే చెప్పింది. నాకేం తెల్వదు. నేను ఫోన్ల కొట్టిన, అంతే" అన్నాడు.

అప్పుడు విచారించాను. ఆ అమ్మాయి ఇంట్లో ఒకటే ఫోను. తండ్రి దుబాయినుంచి మాట్లాడేది దానికే. పైగా సాయంత్రం ఆమె చేతులు ఖాళీగా వుండవు. మధ్యాహ్న భోజనం అయినాక చెట్టు కింద కూచుని ఆమె చెబుతూ వుంటే, తక్కిన నలుగురూ అడుగుతూ వుంటే, కుర్రవాడు నోటుపుస్తకంలో రాసుకుని ఇంటికిపోయి ఫోనులో ఎక్కించాడు. ముగ్గురి పనికి ఒక్క పేరు రాసే పుస్తకాన్ని గురించి మాకు చెప్పిన అమ్మాయికి, నేను అటువంటి పుస్తకాన్నే చూసి మార్కులు వేశాను.

మరొక సంగతి కూడా బయటపడింది. కుర్రవాడు ఆమె మాటలను ఆమె అన్నట్టే రాశాడు: చుడతరు, ఇస్తరు, తీసేస్తరు. భాష దిద్దిన అమ్మాయి వాటినన్నిటినీ చుడతారు, ఇస్తారు, తీసేస్తారు అని మార్చింది. ఆమె కూడా ఇంట్లో "చుడతరు" అనే అంటుంది. బడిలో అలా రాయకూడదని ఆమెకు నేర్పినవాణ్ణి నేనే. పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, మనుషులు మాట్లాడే భాష బడిలోకీ పుస్తకంలోకీ రావాలని జీవితమంతా పోరాడాడు. ఆ పోరాటం గెలిచింది. కాని గెలిచిన తరవాత పుస్తకాలలో నిలబడిన వ్యవహారభాష ముఖ్యంగా కోస్తా జిల్లాలలో చదువుకున్నవాళ్లది. ఉమ్మడి పత్రం ఈ దిద్దుబాట్లను కూడా శ్రమగానే లెక్కకట్టింది. ఒక పిల్ల మాటను తుడిచినందుకు మరొక పిల్లకు నేను మార్కులు వేశాను!

ఇందులో పనిముట్టు తప్పేమిటి? ఏమీ లేదని కొందరంటారు. అది చూసినదాన్ని చూసినట్టు చెప్పింది. ఆ మాట నిజమే. అయితే అది చూడగలిగినదేమిటి? మీట నొక్కిన వేలు. ఆలోచించిన తలను అది చూడలేదు, చెప్పిన నోటిని చూడలేదు, సరైన సమయంలో సరైన ప్రశ్న అడిగినవాణ్ణి చూడలేదు. ఫోను లేనివాళ్లు దాని దృష్టిలో పుట్టనే లేదు. 2020లో బడులు మూసిన కాలంలో జరిగిన అసర్ సర్వే ప్రకారం, గ్రామాలలో బడిలో పేరున్న పిల్లలలో 61.8 శాతం ఇళ్లలోనే స్మార్ట్‌ఫోను వుంది. ఇంట్లో ఫోను వుండటం వేరు, అది ఆడపిల్ల చేతికి రావటం వేరు. ఇటువంటి సమాజంలో వేళ్లను లెక్కపెట్టే సాక్షి నిష్పక్షపాతి ఎలా అవుతాడు?

వికీ అనేదాన్ని 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తయారుచేశాడు. ఎవరైనా పేజీని దిద్దవచ్చునన్నది దాని సూత్రం. మార్పుల చరిత్రను దాచటం దిద్దుబాటుకు ధైర్యం ఇచ్చింది. ఒకడు పాడుచేస్తే మరొకడు వెనక్కు తిప్పవచ్చు. 2001లో మొదలైన వికీపీడియా, 2003లో మొదలైన తెలుగు వికీపీడియా అలాగే పెరిగాయి. అంటే, మనుషులు భయం లేకుండా కలిసి పనిచెయ్యటానికి వుపయోగపడిన చరిత్ర అది. అదే చరిత్ర తరగతిలోకి వచ్చి, మార్కులు వేసే అధికారం వున్న నా చేతిలో పడేసరికి మేస్త్రీ హాజరుపట్టీ అయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరవాత దీనికి ఇంకొక ఉద్యోగం కూడా దొరికింది. వ్యాసం విద్యార్థి రాశాడా, యంత్రం రాసిందా అని పట్టుకోవటానికి ఉపాధ్యాయులు మార్పుల చరిత్రను పోలీసు రికార్డులాగా తిరగేస్తున్నారు. ఉపాధ్యాయుల ఇబ్బంది నాకు తెలుసు. కాని రోజూ సోదా చేయించుకునేవాడు కలిసి రాయటం నేర్చుకోడు. తన వాటా కనపడేటట్టు రాయటం మాత్రం నేర్చుకుంటాడు.

కలిసి రాయటం ఇంటర్నెట్టుతో పుట్టలేదు. సెలెస్టాన్ ఫ్రెనే అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి దెబ్బతగిలి ఎక్కువసేపు మాట్లాడలేని స్థితిలో ఒక పల్లె బడికి వచ్చాడు. 1924 ప్రాంతంలో ఆయన తరగతిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తాము చూసినదీ చేసినదీ రాసేవారు. ఏది అచ్చువెయ్యాలో తరగతి నిర్ణయించేది. అక్షరాలు కూర్చేదీ వాళ్లే. ఆ కాగితాలు దూరాన బ్రిటనీలో వున్న మరొక బడికి పోయేవి, అక్కడి పిల్లల రాతలు వీళ్లకు వచ్చేవి. ఈనాడు బ్లాగు చెయ్యగలదని మనం చెప్పుకునే పని అంతా అందులో వుంది. పైగా అచ్చుయంత్రం పిల్లల చేతిలో వుంది.

ఇటలీలో ఫ్లోరెన్సుకు దగ్గర కొండల్లో బార్బియానా అనే పల్లె వుంది. అక్కడ లొరెంజో మిలానీ అనే క్రైస్తవ పూజారి, బడులు తరిమేసిన రైతుపిల్లలకు చదువు చెప్పాడు. 1967లో అక్కడి ఎనిమిదిమంది విద్యార్థులు కలిసి "ఒక ఉపాధ్యాయురాలికి లేఖ" అనే పుస్తకం రాశారు. పేదపిల్లలను పరీక్షలో తప్పించి ఇళ్లకు పంపే చదువును వాళ్లు అందులో లెక్కలతో సహా ఎండగట్టారు. వాళ్లు రాసిన పద్ధతి చాలా సులువైనది. ఎవరికి తోచిన ఆలోచన వాళ్లు ఒక్కొక్క చీటీ మీద రాయాలి. చీటీలన్నీ బల్లమీద పోసి, ఒకే మాట చెప్పేవి తీసేసి, మిగిలినవాటిని కుప్పలు చెయ్యాలి. కుప్పలు ప్రకరణాలవుతాయి. తరవాత అనవసరమైన మాటలు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి. పుస్తకం మీద రచయిత పేరు బార్బియానా పాఠశాల. ఏ చీటీ ఎవరిదో ఎవరూ దాచిపెట్టలేదు.

ఈ రెండు ఉదాహరణలు చూపి పనిముట్టు అవసరం లేదని నేను వాదించటం లేదు. ఫ్రెనేకు అచ్చుయంత్రం కావలసివచ్చింది, బార్బియానా పిల్లలకు చీటీలు కావలసివచ్చాయి. కాని రెండుచోట్లా ముందు మాట్లాడుకోవటం వుంది. ఏది వుంచాలి, ఏది తియ్యాలి అన్న నిర్ణయం రాసినవాళ్లది. పని వాళ్లది, దానిమీద మాట కూడా వాళ్లదే. సమష్టి అంటే ఇదీ. పదిమంది ఒక పేజీలో రాసినంత మాత్రాన సమష్టి కాదు. ఒక కొట్టంలో పదిమంది కూచుని బీడీలు చుట్టినా ఆ కొట్టం సహకార సంఘం అయిపోదు.

ఇక ప్రచురణ సంగతి. నా పొరపాటు తెలిసిన తరవాత, కనీసం బ్లాగులోనైనా ఆ అమ్మాయి పేరు మొదట వెయ్యాలనుకున్నాను. సంతోషంగా వాళ్ల ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపకుండానే విన్నది. "పేరు తియ్యిండ్రి సార్. రేపు ఆకు ఇయ్యనంటే ఏం జెయ్యాలె?" అన్నది.

నాకు జవాబు తోచలేదు. లోకానికి కనపడటం మంచిదని బ్లాగును మెచ్చుకునేవాళ్లు అంటారు. ఎవరికి మంచిది? 2012లో స్కాట్లండులో తొమ్మిదేళ్ల బాలిక ఒకతె తన బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని రోజూ ఫోటో తీసి, మార్కులు వేసి బ్లాగులో రాసింది. స్థానిక కౌన్సిలు ఫోటోలు తియ్యరాదని నిషేధించింది. ప్రపంచమంతా గోల చేసేసరికి మర్నాడే ఆ నిషేధాన్ని వెనక్కు తీసుకున్నది. పిల్ల కలానికి ఎంత బలం వుందో చెప్పటానికి ఇది మంచి ఉదాహరణే. కాని ఆ బాలిక రాసింది తన పళ్లెంలోని అన్నం గురించి. కౌన్సిలు కోపగించినా ఆమె ఇంట్లో పొయ్యి ఆరదు. మా అమ్మాయి రాసింది తన తల్లికి కూలి ఇచ్చేవాణ్ణి గురించి. ఆమె పక్షాన మర్నాటికల్లా గోల చేసే ప్రపంచం లేదు. ఫ్రెనే విషయంలో కూడా చివరకు దెబ్బ తగిలింది. 1932-33లో పిల్లల రాతలనే పట్టుకుని ఆయన మీద పెద్ద ఆందోళన నడిపారు. ఆయన అప్పుడు పనిచేస్తున్న బడిని వదలవలసివచ్చింది. అక్కడ దెబ్బ ఉపాధ్యాయుడు తిన్నాడు. ఇక్కడ ధైర్యం నాదీ, దెబ్బ ఆ తల్లిదీ అయివుండేది. ఒకరి కూడు పణంగా పెట్టి మరొకరు అభ్యుదయవాది కావటం నీతి కాదు.

మూడో ప్రశ్న: ఆ రాతలు ఎవరి దగ్గర వుంటాయి? వికీస్పేసెస్ అనే సైటులో ఎందరో ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి తరగతుల వికీలు నడిపారు. 2018లో నడిపేవాళ్లు దాన్ని మూసెయ్యాలని నిశ్చయించారు. గడువులోగా దించుకోగలిగినవాళ్లు దించుకున్నారు. తక్కినవి పోయాయి. అద్దె ఇంట్లో ఎంత అందంగా ముగ్గువేసినా, ఖాళీ చెయ్యమనే హక్కు యజమానిదే. దీనికి ఎదురుగా కేరళలో 2009లో మొదలైన స్కూల్ వికీని చూడండి. అది మలయాళంలో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద, ప్రభుత్వ విద్యాశాఖ ఆధ్వర్యంలో నడుస్తున్నది. 15,000కు పైగా బడులు అందులో తమ చరిత్రనూ తమ వూరి చరిత్రనూ రాసుకుంటున్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు చదువు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే జరుగుతున్నది. కాబట్టి, కంపెనీ సరుకు తప్ప మరొక దారి లేదన్న మాట నిజం కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో అటువంటిది కావాలని మన ఉపాధ్యాయ సంఘాలు ఎందుకు అడగవు? జీతాలకూ పింఛన్లకూ కొట్లాడే సంఘానికి పిల్లల రాతలు కూడా కొట్లాడదగిన విషయమే.

నా మీద ఒక ఆక్షేపణ రావచ్చు. ఎవరి వాటా ఎంతో చూడకపోతే పనిదొంగలు బాగుపడతారు గదా? ఒక్కడు రాయటం, నలుగురు పేర్లు పెట్టుకోవటం మనం ఎరగనిదా? ఎరుగుదుం. అందుకు నా జవాబు ఇది: లెక్క వుండవలసిందే, ఆ లెక్క పనిచేసినవాళ్లు కట్టాలి. ఇప్పుడు మా తరగతిలో ప్రతి జట్టూ వ్యాసం చివర ఒక కాగితం జతచేస్తుంది. ఎవరు చెప్పారు, ఎవరు అడిగారు, ఎవరు రాశారు, ఎవరు ఎక్కించారు, ఎవరు దిద్దారు అన్నవి అందరూ కూచుని రాసి సంతకాలు పెడతారు. కిందటేడు ఒక జట్టు, తమలో ఒకడు ఏమీ చెయ్యలేదని రాసింది. వాడు కూడా దానికింద సంతకం పెట్టాడు. ఏ యంత్రం చరిత్రా వాడిచేత ఆ పని చేయించలేదు. మార్కులు జట్టంతటికీ ఒకటే. తమలో తగాదా వచ్చి వాళ్లే అడిగితే తప్ప నేను మార్పుల చరిత్ర తెరవను. ప్రతి వ్యాసానికీ ఒక కాగితపు ప్రతి బడిలో వుంటుంది. ఏదైనా బ్లాగుకు వెళ్లాలంటే జట్టులో అందరూ, వాళ్ల ఇంటివాళ్లూ ఒప్పుకోవాలి. వాళ్లలో ఏ ఒక్కరు తియ్యమన్నా, కారణం అడగకుండా తీసెయ్యాలి.

ఈ పద్ధతిలో లోపాలు లేవనను. నోరున్న పిల్ల నోరులేని పిల్ల వాటాను తగ్గించి రాయించవచ్చు. ఇంట్లో కులం పేరుతో, ఆడపిల్ల అన్న పేరుతో జరిగే తక్కువచూపు జట్టులోకి కూడా వస్తుంది. అందుకే ఆ కాగితం రాసేటప్పుడు నేను దగ్గర కూచుంటాను. అది ఉపాధ్యాయుడు చెయ్యవలసిన పని. దాన్ని యంత్రానికి అప్పగించి నిష్పక్షపాతినని అనుకోవటమే నేను చేసిన తప్పు.

ఆ మార్కులను నేను దిద్దాను. తరగతిలో అందరి ముందు నా పొరపాటు చెప్పాను. "చుడతరు" అన్న మాటను మళ్లీ చుడతరు అనే రాయించాను. దిద్దిన అమ్మాయే ఆ పని చేసింది. బీడీల వ్యాసం బ్లాగులోకి వెళ్లలేదు. గోడపత్రికగా రాసి మా వరండాలో పెట్టాం. కింద "తొమ్మిదో తరగతి, మూడో జట్టు" అని మాత్రమే వుంది. ఐదుగురి పేర్లూ, ఎవరి పని ఏదో చెప్పే కాగితమూ బడి బీరువాలో వున్నాయి. నానమ్మ కూడా చాలా చెప్పిందని ఆ అమ్మాయి అన్నది. ఆమె పేరు కూడా ఆ కాగితంలో చేర్చారు.

ఆ అమ్మాయి పేరు వ్యాసం మీద బాహాటంగా వుండటం న్యాయమని నేను ఇప్పటికీ అనుకుంటాను. కాని అది జరగాలంటే మంచి బ్లాగు చాలదు. పేరు రాసినందుకు ఆ తల్లికి ఆకు ఆపే ధైర్యం ఎవరికీ లేకుండా పోవాలి. అది మా వూరి బీడీ కార్మికులు సంఘంగా నిలబడి సాధించవలసిన విషయం. అంతవరకూ ఆ పేరును దాచిపెట్టటం కూడా నా ఉద్యోగంలో భాగమే.